పాసంగం

పోయిన వారం కళావతిని మనం హనుమకొండలో, రాజేశ్వర్ రావు గారి వరండాలో వదిలిపెట్టి వచ్చాం. ఆమె ఒళ్ళో మూట ఉంది. మూటలో తళతళలాడే రాగి పైసలున్నాయి. ముఖంలో మాత్రం ఏ తళుకూ లేదు.

జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. వరంగల్ బజారులో పాత రాగి, ఇత్తడి సామాన్లు కొనే దుకాణం భద్రమ్మది. మోకాళ్ళు మొండికేసి ఆమె ఇక గద్దె మీద కూర్చోలేనన్నది. కొడుకులిద్దరికీ కాజీపేటలో రైల్వే కొలువులు. దుకాణం ఊసెత్తితే "మాకు రైలు తెల్సు గని తరాజు తెల్వదు" అంటారు. ఇక మిగిలింది ఇద్దరు కోడళ్ళు, పెద్దది కళావతి, చిన్నది పద్మలత. భద్రమ్మ అటకమీది ఇత్తడి గుండిగను దింపించి, అందులోని నిజాం కాలపు పైసలను తన చేత్తోనే తూచి, చెరిసగం మూటలు కట్టి ఇచ్చింది. "సక్కగ అమ్ముకొని రాండ్రి. వచ్చినంక గద్దె ఎవలదో చెప్త" అన్నది.

పద్మలత మూట తీసుకుని బజారుకు పోయింది. కళావతి మూట తీసుకుని వెనకింట్లోకి పోయి, చింతపండు నానబెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఆ వెనకింట్లో ఆమె చేస్తున్న పని అదే. పల్లెల నుంచి నల్లగా వచ్చిన బిందెలు, చెంబులు ఆమె చేతిలో ఎర్రగా మారి ముందరి అరుగు మీదికి పోతాయి. తోమకుండా రాగిని పరాయి చేతికివ్వడం ఆమెకు తల దువ్వకుండా పిల్లలను బడికి పంపడం లాంటిది. అందుకే ఒక్కో పైసనూ ఉప్పూ చింతపండూ వేసి, మెరిసేదాకా తోమి, పాత నాణేలు పోగుచేసే రాజేశ్వర్ రావు గారి ముందు పోసింది. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "అమ్మా, నాణేనికి వయసే అందం. మీరు దాని వయసంతా కడిగేశారు. ఇప్పుడిది ఉత్త రాగి" అన్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

అక్కడి నుంచి ఈ వారం కథ.

ఎర్ర ఏగాని విలువ చెయ్యదని మనం మనుషులను ఎన్నోసార్లు తిడతాం గానీ, ఆ ఎర్ర ఏగాని అసలు విలువెంతో తూచి చూసినవాళ్ళు తక్కువ. ఆ పని మర్నాడు పొద్దున కళావతి మీద పడింది. మూట చంకన పెట్టుకుని శ్యాంసుందర్ దుకాణానికి పోయింది. భద్రమ్మ దుకాణంలో అమ్ముడుపోని సొట్టల సామానంతా ఏళ్ళ తరబడి టోకున కొనేది ఈ శ్యాంసుందరే. ఎప్పుడు పంపినా భద్రమ్మే దగ్గరుండి ఆటోకెక్కించేది. కళావతి ఆ గడప తొక్కడం ఇదే మొదలు.

శ్యాంసుందర్ ఓ పైసను తీసి నేలమీద టంగుమనిపించి చెవి ఒగ్గాడు.

"ఇది ఖాలిస్ రాగి కాదు చెల్లె. చాన పైసలల్ల తగరం కలిసుంటది. కరెంటు వైరు రాగికిచ్చే ధర దీనికి రాదు."

"మరి పైసలుగనే అమ్ముకుంటె?"

"ఫోన్లల్ల లక్షలస్తయని చూపెడ్తరు గద, అవన్ని ఉత్త ముచ్చట్లు. ఉన్నదున్నట్టు తెస్తే పైసకు పదో ఇరవయ్యో పెట్టెటోళ్ళు దొరుకుతుండె. నువ్వేమొ వీటిని పెండ్లిపిల్లలను చేసినట్టు చేస్తివి. ఇగ వీటికి లోహం ధరే."

కళావతి తల దించుకుంది. మెల్లగా అడిగింది.

"లోహానికి అమ్మితె గిట్టుబాటేనా అన్నా?"

"నువ్వు కొన్నవా? కొనకపోతివి. ఊకె వచ్చినదానికి ఎంతొచ్చినా గిట్టుబాటే. ఇంట్ల ఉంచుకుంటె మనుమలు మనుమరాండ్లు చూసి మురుస్తరు, అదీ గిట్టుబాటే. కరిగినంక మాత్రం మల్ల పైస కాదు. అది యాది పెట్టుకొని చెప్పు."

మాట నెమ్మదిగా ఉన్నా చెయ్యి నెమ్మదిగా లేదు. అంటూనే మూటను కాంటా మీద పెట్టేశాడు. ఎర్రటి అంకెలు గిరగిరా తిరిగి నిలబడ్డాయి. కళావతి చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. అత్తమ్మ కట్టి ఇచ్చిన మూట మూడు కిలోలు. కాంటా మీద మూడుకు పైన పావుకిలో కనబడుతోంది.

తోమితే రాగి అరుగుతుంది గానీ పెరుగుతుందా?

"అన్నా, నీ కాంటా జర ఖరాబైనట్టుంది."

శ్యాంసుందర్ పకపకా నవ్వాడు. "చెల్లె, కొనెటోని కాంటా ఖరాబైతె తక్కువ చూపెడ్తది గని ఎక్కువ చూపెడ్తదా? మీ దుకాణం మాలే గంత. మీ మామ ఉన్నప్పటికెల్లి చూస్తాన. ఆడొక తూకం, ఈడికొచ్చేసరికి ఇంకో తూకం. మీ మాలు తొవ్వల పెరుగుతది!"

అతను సరదాకే అన్నాడు. ఆ మాటలో విషం లేదు. కానీ కళావతి చెయ్యి చాచి మూటను కాంటా మీద నుంచి దించింది. మూట ముడి వేసి తీసుకుంది.

"ఇయ్యాల అమ్మను అన్నా. మల్లస్త."

"ధర నచ్చలేదా?"

"ధర కాదన్నా" అని మాత్రం అని, దారిన పోయే ఆటోను ఆపింది.

ఆటోలో కూర్చున్నంతసేపూ ఆ నవ్వే చెవుల్లో మోగింది. కొనేవాడి కాంటా ఎక్కువ చూపదు. అయితే తక్కువ చూపింది ఎవరి తరాజు? ఆ ప్రశ్నకు జవాబు ఒకటే ఉంది. ఆ ఒక్క జవాబునూ మనసులోకి రానివ్వకుండా ఆమె దారిపొడుగునా బోర్డులు చదువుకుంటూ వచ్చింది.

మధ్యాహ్నం వేళ బజారు కాస్త కునుకు తీసింది. భద్రమ్మ అన్నం తిని లోపలి గదిలో నడుం వాల్చింది. ముందరి అరుగు మీద గద్దె ఖాళీగా ఉంది. దాని పక్కన దూలానికి తరాజు వేలాడుతోంది. బజారంతా కరెంటు కాంటాలకు మారినా భద్రమ్మ మారలేదు. పల్లె జనం కూడా దాన్నే నమ్ముతారు. వాళ్ళకు అంకెలు తెలియవని కాదు. కళ్ళ ముందర రెండు పళ్ళేలు సమంగా నిలబడి, నడుమ ముల్లు నిటారుగా ఉండడం చూస్తే వాళ్ళకో తృప్తి.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. గద్దె మీద కూర్చున్నవాళ్ళే తరాజు పట్టాలి. ఇంకెవరూ ముట్టరాదు. తరాజు లచ్చిమి అని, ఎంగిలి చేతులు తగలరాదని భద్రమ్మ చెప్పేది. పొద్దున్నే మొదటి తూకం తూచేటప్పుడు ఆమె "ఒకటి" అనదు, "లాభం" అంటుంది. వెనకింట్లో తోముతూ ఆ మాట వింటే కళావతికి రోజు మొదలైనట్టుండేది. ఎప్పటికైనా ఆ గద్దె మీద తానే కూర్చుని, నలుగురూ చూస్తుండగా గొంతెత్తి "లాభం" అనాలని ఆమె ఆశ. ఇరవై రెండేళ్ళు వెనకింట్లో తడిసిన చేతులకు అది పెద్ద ఆశేమీ కాదు. అయినా దాన్ని ఆమె మొగుడు యాదగిరికి కూడా ఎన్నడూ చెప్పుకోలేదు.

ఇవ్వాళ ఆ తరాజు ముందర నిలబడి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. చూస్తే ఖాళీ పళ్ళేలు సమంగానే ఉన్నాయి. ముల్లు నిటారుగా ఉంది. ప్రాణం కుదుటపడింది. అయినా మనసు ఊరుకోక, ఎడమ పళ్ళెంలో కిలో తూకపు బాటు, కుడి పళ్ళెంలో రెండు అరకిలో బాట్లు పెట్టింది. రెండూ సమానమే కాబట్టి తరాజు కదలరాదు.

ఎడమ పళ్ళెం పైకి లేచింది.

బాట్లలో తేడా ఉందేమోనని ఇటువి అటు, అటువి ఇటు మార్చింది. మళ్ళీ ఎడమ పళ్ళెమే లేచింది. ఎప్పుడూ జనం సామాను పెట్టేది ఎడమ పళ్ళెంలో, ఇనుప బాట్లు పెట్టేది కుడి పళ్ళెంలో. కళావతి ఎడమ పళ్ళెం కింద చెయ్యి పెట్టి తడిమింది. చల్లగా, గరుకుగా లక్క తగిలింది. ఆ లక్కలో వరసగా గుండ్రటి బిళ్ళలు అతికి ఉన్నాయి. పైన మసి పూసి ఉంది గానీ, పదివేల రాగి గిన్నెలు తోమిన వేళ్ళు అవి. అవి రాగి పైసలని చూడకుండానే చెప్పగలవు.

"దొరికినయా?"

వెనక్కి తిరిగి చూస్తే భద్రమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో కోపం లేదు. దాచుకున్నది బయటపడ్డ కంగారు కూడా లేదు. చాలాసేపటి నుంచి బరువు మోస్తున్న మనిషి, దించుకునే తావు కనబడగానే చూసే చూపు అది.

"ఇదేందత్తమ్మా?"

"పాసంగం" అన్నది భద్రమ్మ.

ఆ మాట తెలియని వ్యాపారి ఉండడు. తరాజులో ఒక పళ్ళెం తేలికై లేస్తుంటే దానికి చిన్న రాయో, బిళ్ళో కట్టి రెండింటినీ సమం చేస్తారు. అదే పాసంగం. అందులో తప్పేమీ లేదు. కళావతికి అది తెలుసు. అయినా ఇంత లక్క, ఇంత మసి, ఇన్నేళ్ళ కట్టడి ఎందుకో అర్థం కాలేదు.

భద్రమ్మ మెల్లగా వచ్చి గద్దె అంచున కూర్చుంది.

"తప్పు పైసలల్ల లేదు బిడ్డా, పళ్ళేలు వేలాడే దండెల ఉన్నది. దాని ఎడమచెయ్యి జర పొట్టి. మీ మామ కావాల్నని చేయిపిచ్చిండు. పొట్టిచెయ్యి దిక్కు పళ్ళెం లేస్తది గద, అది లేవకుంట కింద పైసలంటిచ్చిండు. ఖాళీగున్నప్పుడు ఎవలు చూసినా సక్కగ నిలవడ్తది. బరువు పెట్టంగనే తింటది."

కళావతి ఎడమ పళ్ళెం వైపు చూసింది. ఆ పళ్ళెంలో పెట్టిన బిందెలన్నీ ఆమె చేతుల మీదుగా పోయినవే. వాటి మీద చెక్కిన పేర్లు చింతపండు నురగలో ఆమె చదివేది. ఏ ఊరి ఎల్లమ్మో, ఏ తండా మంగ్లీనో అనుకునేది. వాళ్ళందరూ ముల్లు నిటారుగా ఉండడం చూసి మురిసిపోయి వెళ్ళినవాళ్ళే. ఆమెకు ఏడుపొచ్చింది.

"మామయ్య పోయి పదేండ్లాయె. అప్పుడన్న మార్చకపోతివా అత్తమ్మా?"

"మార్చాల్ననే ఉండె. దండె మార్చంగనే జనం ఏమడుగుతరు? ఇన్నేండ్లు ఏం చేసిండ్రని అడుగుతరు. చచ్చిపోయినోని ఇజ్జత్ నా నోటితోని నేనెట్ల తీయాలె? అందుకే ధర పెంచిన. బజార్ల అందరికంటె కిలోకు ఇరవై ఎక్కువిస్తాన. తూకంల పోయింది ధరల కలిపిన. తప్పుకు పాసంగం కట్టిన బిడ్డా, గంతే."

భద్రమ్మ అందరికంటే ఎక్కువే ఇస్తుందని పల్లెల్లో పేరు. ఆ పేరు విని ఇంట్లో అందరూ గర్వపడేవాళ్ళు. కిలోకు పోయేదెంత, కలిపేదెంత అని కళావతి మనసులోనే లెక్క వేసుకుంది. సగం కూడా రాలేదు.

"సరిపోయిందా అత్తమ్మా?"

భద్రమ్మ వీధి వైపు చూసింది. "ఒక్కోపాలి సరిపోయిందనిపిస్తది. ఒక్కోపాలి, నన్ను నేనే తూచుకుంటాన, అదీ గీ తరాజుతోనే అనిపిస్తది."

కళావతికి కోపం వచ్చింది. ఆ కోపం వెనకే, పెళ్ళయిన కొత్తలో చింతపండుకు వేళ్ళు పగిలితే రాత్రిపూట కొబ్బరినూనె రాసిన అత్త చేతులు గుర్తొచ్చాయి. ఒకే మనిషి మీద ఈ రెండూ ఒకేసారి వస్తే ఏది నిజమో ఎవరు చెప్పగలరు? రెండూ నిజమే.

"పద్మకు గీ సంగతి ఎరికేనా?"

"నిన్ననే అమ్ముకొచ్చింది. 'కొన్నాయన కాంటా పావుకిలో ఎక్కువ చూపెట్టిందత్తమ్మా, ఆయన కాంటాల తప్పున్నది, మనకే లాభం, ఊకుందాం' అన్నది. మంచిదే, దాపరికం లేని పిల్ల. కని తప్పు మంది కాంటాల ఉన్నదనుకున్నది. నువ్వు మనింట్ల వెతికినవ్." భద్రమ్మ గద్దె మీద నుంచి మెల్లగా లేచి ద్వారబంధం పట్టుకుంది. "నా నోటితోని చెప్పలేకనే ఆ పైసలు గీ తరాజుల తూచి మీ చేతులల్ల పెట్టిన. వాటిని ఎంతకమ్మినా నాకు ఫికర్ లేదు. ఇగ కూసో."

"అత్తమ్మా..."

"కూసో బిడ్డా. నా మోకాళ్ళు నిలవడనిస్తలేవు."

కళావతి కూర్చుంది. ఇరవై రెండేళ్ళ ఆశ తీరింది. పరుపు మెత్తగానే ఉంది, వీధి అనుకున్నట్టే కనబడుతోంది. కానీ నోట్లో మాత్రం చింతపండు పులుపు తప్ప మరే రుచీ లేదు.

సరిగ్గా అప్పుడే అరుగు ముందర ఓ ముసలాయన ఆగాడు. భుజాన తువ్వాల, తువ్వాల మీద నల్లబడ్డ పెద్ద రాగి బిందె. నెక్కొండ పక్క ఊరి కట్టయ్య. పొద్దటి రైలుకు వచ్చి, బజారంతా ధర అడుగుతూ నడిచినట్టు కాళ్ళ నిండా దుమ్ముంది.

"భద్రమ్మక్కా, బాగున్నవా? గద్దె మీద కొత్త కోడలు కూసున్నట్టుందే!"

"కొత్తదేం కాదు, పెద్దకోడలే. ఇయ్యాల్టికెల్లి తూకం ఆమెదే" అన్నది భద్రమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం ద్వారబంధాన్ని వదల్లేదు.

"మంచిది, చల్లగుండు బిడ్డా." కట్టయ్య బిందెను అరుగు మీద దించాడు. "దసర ముంగట గీ బిందె జోడీని నీకే ఇచ్చిన గద అక్కా. మా ఇంటామె సోమక్క పెండ్లినాటి జోడీ. ఒక్క దినమే, ఒక్క కంచరాయనే చేసిండు, ఈసమంత తేడా లేదు. అప్పుడది సక్కగ నాలుగు కిలోలు తూగె. దీన్ని అమ్మొద్దనే అనుకున్నం. సోమక్కకు కండ్లు మసకలైనయి, దవాఖాన్ల చూపియ్యాలె. ఇగ తప్పలే."

"కరెంటు కాంటా దుకాణాలు తొవ్వల చాన ఉన్నయి గద పెద్దయ్యా" అన్నది కళావతి. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఎటైనా వెళ్ళిపోతే బాగుండునన్న ఆశ కావచ్చు.

"అగ్గో, మీ ఇంటి తరాజు ఉండంగ ఆ మెరిసే అంకెలు నాకెందుకు బిడ్డా? అసలు తూచుడే అక్కరలేదు. అదెంతో ఇదీ అంతే. కని తూచు. కండ్లార చూసి పోయి సోమక్కకు చెప్త."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఉన్న తరాజుతో తూస్తే బిందె నాలుగు కిలోలే తూగుతుంది. కట్టయ్య దీవించి పోతాడు. సోమక్క కళ్ళకు దక్కాల్సిన దాంట్లో కొంత ఇక్కడే ఉండిపోతుంది. అలా చేస్తే అది మామ చేసిన పాపం కాదు, కళావతి చేసిన మొదటి తూకం. సరిగ్గా తూస్తే బిందె నాలుగు దాటుతుంది. మరి దసరాకు ఇచ్చిన జోడీ సంగతేమిటని కట్టయ్య అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న నెక్కొండ రైలెక్కిందంటే ఊరూరా దిగుతుంది. పదేళ్ళు భద్రమ్మ నోరు మూసుకుని కాపాడిన పేరు సాయంత్రానికి ఉండదు.

కళావతి అత్త వైపు చూసింది. భద్రమ్మ తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. పెదవులు మాత్రం గట్టిగా బిగించి ఉంది.

మొదటి తూకం. "లాభం" అనాలి. కళావతి నోరు తెరిచింది. మాట రాలేదు. ఎవరి లాభం?

ఎడమచెయ్యి దానంతటదే పళ్ళెం కిందికి పోయింది. లక్క అంచు గోటికి తగిలింది. వేళ్ళకు అలవాటైన పనే, పాత బిందెల అడుగున ఎండిన పెచ్చులు గీకినట్టే. పాత లక్క పుటుక్కున విరిగి, మసిబారిన ఎర్ర పైస ఒకటి ఆమె అరచేతిలో పడింది.

ఖాళీ తరాజు నిలవలేదు. ఎడమ పళ్ళెం మెల్లగా లేచింది, ముల్లు కుడికి ఒరిగింది. "కళా!" అన్నది భద్రమ్మ, చాలా చిన్నగా.

బిందెను ఎత్తబోతున్న కట్టయ్య చేతులు ఆగిపోయాయి. ముల్లు వైపు చూశాడు, కళావతి గుప్పిట వైపు చూశాడు, మళ్ళీ ముల్లు వైపు చూశాడు.

"ఇదేంది బిడ్డా, ఖాళీ తరాజు ఒరుగుతాంది? దసరకు మా బిందె తూచినప్పుడు గిట్ల లేకుండె గద?"